పద్నాలుగో నంబరు గొంతు

నా ఉద్యోగం తప్పులు వినడం. ఈ మాట మొదటిసారి చెప్పినప్పుడు మా అమ్మ, "పుట్టినప్పట్నుంచీ నువ్వు చేస్తున్నది అదే కదే, దానికి జీతం కూడా ఇస్తున్నారా?" అంది. ఇస్తున్నారు.

విశ్వవిద్యాలయం రెండో అంతస్తులో, మెట్ల పక్కన, కిటికీ లేని గది మాది. బయటి చప్పుడు లోపలికి రాకుండా గోడలకు నల్లటి స్పాంజి అతికించారు. పెద్దయ్యాక టర్కిష్ నేర్చుకునేవాళ్లు ఆ భాషలోని ధ్వనుల పద్ధతిని ఎలా పట్టుకుంటారో, ఎక్కడ జారిపోతారో తేల్చడం మా మేడం పరిశోధన. నేర్చుకునేవాళ్లు ఒక్కొక్కరే వచ్చి మైకు ముందు కూర్చుంటారు. బొమ్మలు చూసి మాటలు చెబుతారు. కొన్ని నిజం మాటలు, కొన్ని మేము కల్పించినవి. ఆ రికార్డింగు చెవులకు తగిలించుకుని, ఒక్కో అచ్చునూ తెరమీద ముక్క కోసి, ఒకటి నుంచి ఐదు దాకా మార్కు వేయాలి. ఐదంటే ఆ భాషలో పుట్టిన నోరు. ఒకటంటే పరాయి నోరు. తొమ్మిదేళ్లుగా విన్నది విన్నట్టు వేశాను. ఎవరికీ అర మార్కు కూడా దయతలచి వేయలేదు. పైగా అదంటే నాకు గర్వం.

టర్కిష్‌లో అచ్చులు జట్లు కట్టుకుని ఉంటాయి. నాలుక ముందుకొచ్చేవి ఒక జట్టు, వెనక్కి పోయేవి ఒక జట్టు. మాట ఏ జట్టు అచ్చుతో ఉంటే దాని వెనక తగిలించే తోక కూడా ఆ జట్టులోకే మారాలి. మన తెలుగులోనూ ఈ వాసన కొంచెం ఉంది. పులికి అంటాం, పాముకు అంటాం. ఎవరూ కూర్చోబెట్టి నేర్పకపోయినా నాలుకకు తెలుసు. అందుకేనేమో మనవాళ్లు ఆ పద్ధతిని ఇట్టే పట్టేస్తారు. పట్టుబడనిది వేరే ఉంది. నోటి లోపల 'ఈ' పెట్టుకుని పెదాలతో 'ఊ' అనే అచ్చు ఒకటి. దానికి మనకు అక్షరం లేదు. మనవాళ్లు దాన్ని శుభ్రంగా 'ఉ' చేసి పారేస్తారు.

మా చెల్లెలూ అదే చేసింది.

చెల్లెలు బట్టలు సరిచేసే దర్జీ. పొడుగైన ప్యాంట్లు కురచ చేయడం, పోయిన జిప్పులు మార్చడం, ఇంట్లోనే మిషను పెట్టుకుని చేసేది. టైల్స్ వేసే మేస్త్రీని ఇష్టపడి చేసుకుంది. అతని భాష టర్కిష్. అతని తల్లికి అది తప్ప ఇంకో ముక్క రాదు. అత్తగారితో వంటింట్లో నిలబడి, ఉల్లిపాయ చూపించి పేరు అడిగి, గరిటె చూపించి పేరు అడిగి నేర్చుకుంది మా చెల్లెలు. కూతురు పుడితే దానితోనూ అదే భాష. "తెలుగు నేర్పవే" అని నేను మొత్తుకుంటే, "ఇంట్లో ఒకళ్లకి అర్థంకాని మాట ఎందుకక్కా, ముసలావిడ తన గురించేమో అనుకుంటుంది" అనేది. పిల్లకు 'పెద్దమ్మ' అన్న మాట ఒక్కటి నేర్పింది. మొగుడికి 'వదిన' అన్న మాట నేర్పింది. తెలుగులో మాకు అంతవరకే దక్కింది.

పరిశోధనకు మనుషులు తక్కువైతే నేనే దాన్ని మా గదికి తీసుకెళ్లాను. దాని నంబరు పద్నాలుగు. సొంతవాళ్ల గొంతుకు సొంతవాళ్లు మార్కులు వేయకూడదు కాబట్టి ఆ రికార్డింగులు నా పక్క కుర్చీలో ఇదే పని చేసే ఆయనకు వెళ్లాయి. మార్కుల కాగితం మాత్రం చూశాను. పద్ధతికి ఐదు, ఆ ఒక్క అచ్చుకు ఒకటి. మేడం తెగ ముచ్చటపడిపోయారు. "పెళ్లికి అందరూ ఒకే రంగు బట్టలు కట్టుకు రమ్మంటే, ఈవిడ ఇంటిల్లిపాదికీ ఒకే రంగు కట్టించింది. కాకపోతే చెప్పిన రంగు కాదు" అన్నారు.

ఒకరోజు వాళ్లింటికి వెళ్లినప్పుడు, చెల్లెలు పిల్లకు శాలువా చుడుతూ "ఉషుదున్ ము?" అని అడగడం విన్నాను. చలేస్తోందా అని. ఆ భాష వాళ్లు అంటే ఆ ప్రశ్నలో నాలుగూ ఆ వంకర అచ్చులే. ఇది నాలుగింటినీ 'ఉ' చేసి పారేసింది. నేను పగలబడి నవ్వాను. అంతటితో ఊరుకున్నానా? ఫోను తీసి, ఆ భాషలో పుట్టినావిడ రికార్డింగు పెట్టి వినిపించాను. "పిల్ల చెవులు పాడు చేస్తున్నావే. మాట్లాడటం వాళ్ల నాన్నకి వదిలెయ్" అన్నాను.

చెల్లెలు సూదిలో దారం ఎక్కిస్తూ, "నా నోట్లో ఉన్నది అదేనక్కా. లేనిది ఎక్కణ్ణుంచి తెచ్చి పెట్టను?" అంది. నవ్వుతూనే అంది. ఆ తర్వాత నా ఎదుట పిల్లతో ఎప్పుడూ గట్టిగా మాట్లాడలేదు. ఏం చెప్పాలన్నా పిల్ల చెవిలో చెప్పేది. నా మాట విందని సంబరపడ్డాను. పెద్దరికం అంత పని చేస్తుంది.

పోయిన చలికాలంలో జబ్బుపడి నలభై రోజుల్లో చెల్లెలు పోయింది. దాని గురించి ఇంతకంటే రాయడం నా వల్ల కాదు.

పిల్లకు ఐదేళ్లు. తల్లి డబ్బాలోని గుండీలతో తప్ప ఇంక దేనితోనూ ఆడదు కాబట్టి అందరూ గుండీ అనే పిలుస్తారు. తల్లి పోయాక తండ్రితో, నాయనమ్మతో రెండు మూడు మాటలు మాట్లాడుతుంది. బయటివాళ్లతో ఒక్క మాట లేదు. బయటివాళ్ల లెక్కలోనే నేనూ ఉన్నాను.

ఒకనాడు మా మరిది నన్ను కూర్చోబెట్టి, మేమిద్దరం మాట్లాడుకునే ఇంగ్లీషులో విషయం చెప్పాడు. పదిహేను గంటల ప్రయాణం దూరంలో అతని అన్న ఉన్నాడు. వేసవి కాగానే అందరూ అక్కడికి మారిపోతున్నారు.

"సెలవులకి పిల్లని నా దగ్గరికి పంపు. నెలరోజులు ఉంచుకుంటాను" అన్నాను. అడిగినట్టు అన్నానో, బతిమాలినట్టు అన్నానో నాకు తెలీదు. చెల్లెలి తాలూకు అని చెప్పుకోవడానికి ఆ పిల్ల తప్ప నాకేం మిగిలింది?

అతను చేతివేళ్లకు అంటిన తెల్ల సిమెంటు గీక్కున్నాడు. "వదినా, కోపం తెచ్చుకోకండి. మీతో నోరు విప్పని పిల్లని నెల్లాళ్లు ఎలా వదిలి వెళ్లను? ఆకలేసినా చెప్పదు, కడుపునొప్పి వచ్చినా చెప్పదు. మేం వెళ్లేలోపల మీతో ఒక్క మాట మాట్లాడనివ్వండి చాలు. ప్రతి సెలవులకీ నేనే తెచ్చి దింపుతాను."

న్యాయమైన మాటే. ఆరు నెలల గడువు. ప్రతి ఆదివారం పొద్దున రమ్మన్నాడు.

తొమ్మిదేళ్లుగా టర్కిష్ వింటున్నాను కానీ ఏనాడూ నోరు తెరిచి మాట్లాడలేదు. వంట రుచి చెప్పేవాళ్లందరికీ వంట వస్తుందా? మొదటి ఆదివారం పిల్ల బల్ల కింద కూర్చుని గుండీలను రంగుల వారీగా పేరుస్తోంది. నేను నేలమీద చతికిలబడ్డాను. కాళ్లకు మేజోళ్లు కూడా లేవు దానికి. నోటికి వచ్చిన మొదటి ప్రశ్న అదే అయింది. చలేస్తోందా అని అడిగాను.

నా చెవికే రోత పుట్టింది. నాలుగూ 'ఉ'లే. అచ్చం చెల్లెలి తప్పు.

పిల్ల చేయి ఆగిపోయింది. తలెత్తింది. బల్ల కిందనుంచి పాకుతూ వచ్చి, నా ముఖానికి జానెడు దూరంలో నిలబడి, కళ్లార్పకుండా నా పెదాల వంక చూసింది. మళ్లీ అంటానేమోనని ఎదురుచూస్తున్నట్టు చాలాసేపు చూసింది. నాకు తల కొట్టేసినట్టయింది. ఐదేళ్ల పిల్ల కూడా వింతగా చూసేంత ఘోరంగా ఉందన్నమాట నా ఉచ్చారణ! నోరు గట్టిగా మూసుకున్నాను. అది వెనక్కి వెళ్లేముందు నా అరచేతిలో ఒక ఎర్ర గుండీ పెట్టింది. జాలిపడి ఇచ్చిందనుకున్నాను.

ఆ మర్నాడే పట్టుదలగా మొదలుపెట్టాను. మధ్యాహ్నం భోజనాల వేళ అందరూ కిందికి వెళ్లాక, అద్దం ముందు పెట్టుకుని, పెదాల మధ్య పెన్సిలు ఇరికించుకుని 'ఈ' అనేదాన్ని. పెదాలు గుండ్రంగా, నాలుక ముందుకు. మైకులో అని తెరమీద చూసుకునేదాన్ని. ఆ భాష మనుషుల అచ్చుకు తెరమీద నల్లటి చారలు ఒక చోట పడతాయి. నావి బెత్తెడు కింద పడేవి. వారం తర్వాత ఒక వెంట్రుకవాసి లేచాయి. నెలకు ఇంకాస్త. దవడలు లాగేవి. బస్సులో ఎవరూ చూడకుండా పెదాలు సున్నా చుట్టుకుని కూర్చునేదాన్ని. ఒకాయన నేను ముద్దు పెట్టబోతున్నాననుకుని సీటు మారాడు.

రెండో ఆదివారం గుండీ నాకు ఇంకో గుండీ ఇచ్చింది, నీలంది. మూడో ఆదివారం దగ్గరికి వచ్చింది కానీ ఏమీ ఇవ్వలేదు. రెండో నెలలో బల్ల కిందనుంచే చూసేది. నాలుగో నెలలో నా ఉచ్చారణకు నాలుగు మార్కులు పడ్డాయి, మొహమాటం లేకుండా నేనే వేసుకున్నాను. ఆ ఆదివారం అది తల కూడా ఎత్తలేదు. ఇంకా ఒక మార్కు తక్కువైంది కాబోలు, అందుకే పిల్ల పరాయిదాన్ని పట్టేస్తోంది అనుకున్నాను. తొమ్మిదేళ్లు ఆ కుర్చీలో కూర్చున్నదానికి ఇంకెలా తోస్తుంది?

ఆరో నెలలో చారలు రెండూ ఒకచోట పడ్డాయి. ఆ ఆదివారం గుమ్మంలో నిలబడి పలకరిస్తే, ముసలావిడ చేతిలో గిన్నె పక్కన పెట్టి మరీ వచ్చింది. నా రెండు బుగ్గలూ పట్టుకుని, "మా ఊళ్లో పుట్టినట్టే మాట్లాడుతున్నావమ్మా! కళ్లు మూసుకుంటే మా పిన్ని కూతురే అనుకుందును" అంది. నా మనసు గాల్లో తేలిపోయింది. పిల్లవైపు తిరిగి, చలేస్తోందా అని అడిగాను. నాలుగు అచ్చులూ నాలుగు ముత్యాల్లా పడ్డాయి.

గుండీ తన డబ్బా తీసుకుని పక్క గదిలోకి వెళ్లిపోయింది.

ఆ వారమే మేడం నన్ను పిలిచారు. పరిశోధన ముగుస్తోంది. లెక్కలన్నీ కట్టేయాలి. పక్క కుర్చీ ఆయన ఉద్యోగం మారి వెళ్లిపోయాడు. పద్నాలుగో నంబరు చివరి రికార్డింగు ఒక్కటి మార్కులు వేయకుండా ఉండిపోయింది.

"మామూలుగా అయితే నీకు ఇవ్వకూడదు. వద్దంటే తీసేస్తాను. నీ ఇష్టం" అన్నారు మేడం, నా ముఖం చూడకుండా.

"చేస్తానండి" అన్నాను.

ఎనిమిది నెలల తర్వాత చెల్లెలి గొంతు వినడం. చెవులకు తగిలించుకుని ఐదు నిమిషాలు మీట నొక్కలేకపోయాను. నొక్కాక, ముందు దాని దగ్గు. తర్వాత మేము కల్పించిన ఆ పిచ్చి మాటలు, ఒక్కోదానికీ తోక తగిలిస్తూ, చకచకా. పద్ధతికి ఐదు. ఆ అచ్చుకు ఒకటి. వేశాను. నీళ్లు కారుతుంటే తుడుచుకుంటూ వేశాను.

మాటల పట్టీ అయిపోయింది కానీ మైకు ఎవరూ ఆపలేదు. ముసలావిడకు ఒంట్లో బాలేక పిల్లను వెంట తెచ్చానని చెల్లెలు పక్క కుర్చీ ఆయనతో అంటోంది, ఆ సంగతి నాకు అప్పుడే తెలిసింది. కుర్చీ జరిగిన చప్పుడు. చిన్న తుమ్ము. వెంటనే చెల్లెలు, "ఉషుదున్ ము?"

"ఉషుదుమ్" అంది పిల్ల. చలేస్తోంది అని. మూడూ 'ఉ'లే. తల్లి నోరే.

ఛీ, పిల్లకు అంటించేసింది అనుకున్నాను. అలవాటు ఎక్కడికి పోతుంది? అంతలో పక్క కుర్చీ ఆయన గొంతు వినిపించింది, చాక్లెట్ కావాలా అనో ఏమో ఆ భాషలో అడిగాడు. పిల్ల అతనికి జవాబు చెప్పింది. అందులోనూ ఆ వంకర అచ్చు ఉంది. ఈసారి అది ఐదుకు ఐదు. ఆ భాషలో పుట్టిన నోరు. మళ్లీ తల్లివైపు తిరిగి ఏదో అంది. మళ్లీ 'ఉ'. ఇద్దరూ కిసుక్కున నవ్వుకున్నారు.

పదకొండుసార్లు విన్నాను. పిల్లకు తప్పేమీ అంటలేదు. దానికి రెండు నోళ్లు ఉన్నాయి. లోకంతో ఒకటి, అమ్మతో ఒకటి. ఇంత భూమ్మీద ఆ రెండో నోటితో మాట్లాడింది ఇద్దరే ఇద్దరు. చెవిలో చెప్పుకున్నవన్నీ ఆ నోటితోనే. నేను ఫోను పెట్టి పాడైపోతుందన్నది దాన్నే.

ఎర్ర గుండీ, నీలం గుండీ నా సొరుగులో పెన్నుల పక్కన ఉన్నాయి. మొదటి ఆదివారం అది నా నోట్లో ఎవరిని విందో, మళ్లీ అంటానేమోనని ఎందుకంతసేపు నిలబడిందో, అప్పుడు అర్థమైంది. ఆరు నెలలు దవడలు నొప్పెట్టేలా కష్టపడి, నా నోట్లో మిగిలిన చెల్లెల్ని నేనే అచ్చు అచ్చుగా గెంటేశాను. బల్లమీద తల పెట్టుకుని ఏడ్చాను. స్పాంజి గోడలు కాబట్టి బయటికి వినపడలేదు.

ఇంక ఒకే ఒక ఆదివారం ఉంది. 'ఉ' అనడం ఎంతసేపు, నేను పుట్టి పెరిగిన అచ్చే కదా అనుకున్నాను. మామూలు మాటల్లో వస్తోంది. ఆ ప్రశ్నలో పెడితే మాత్రం పెదాలు వాటంతటవే సున్నా చుట్టి, నాలుక ముందుకు ఉరుకుతోంది. నేర్చినదాన్ని మరవడం ఎలాగో మా మేడం పరిశోధనలో లేదు. చెల్లెలి రికార్డింగు పెట్టుకుని, వెంటే అంటూ, వారమంతా అదే పని. శనివారానికి వచ్చింది. చివర్న అది కొంచెం సాగదీసి పైకెత్తే ఆ ఎత్తు కూడా వచ్చింది.

ఆదివారం వెళ్లేసరికి కింద వ్యాను నిలబడి ఉంది. మరిది, ముసలావిడ అట్టపెట్టెలు అందులోకి ఎక్కిస్తున్నారు. "పైన ఉంది వదినా, వెళ్లండి" అన్నాడు. గదిలో ఏమీ లేదు. బల్ల లేదు, తెరలు లేవు. కుట్టుమిషను ఉండే చోట నేలమీద నాలుగు కాళ్ల గుర్తులు. చుట్టి పెట్టిన పరుపుమీద గుండీ కూర్చుని ఉంది, ఒళ్లో డబ్బా. కిటికీలోంచి చల్లగాలి కొడుతోంది.

దాని ముందు మోకాళ్లమీద కూర్చున్నాను.

"ఉషుదున్ ము?"

చెల్లెలి గొంతే అది. ఆ సాగు, ఆ ఎత్తు.

పిల్ల తల చటుక్కున పైకి లేచింది. ముఖమంతా ఒక్కసారిగా విచ్చుకుంది. నావైపు కాదు, నా భుజం మీదుగా, వెనక గుమ్మంవైపు చూసింది. అక్కడ ఎవరూ లేరు. ఇంకాసేపు చూసింది. తర్వాత మెల్లగా నావైపు తిరిగింది.

పరుపుమీంచి దిగింది. చల్లటి అరచేయి నా నోటికి అడ్డంగా పెట్టింది.

"నువ్వు అలా అనకు. అలా మా అమ్మ అంటుంది" అంది.

ప్రతి అచ్చూ ఐదుకు ఐదు. లోకంతో మాట్లాడే నోటితో చెప్పింది. కోపంగా కూడా కాదు, వీధిలో పరాయివాళ్లకు దారి చెప్పినట్టు చెప్పింది. చేయి తీసేసి, డబ్బా చంకలో పెట్టుకుని మెట్లు దిగి వెళ్లిపోయింది.

నేను కిందికి వచ్చేసరికి సామాను ఎక్కించడం అయిపోయింది. మరిది వ్యాను తలుపు పట్టుకుని నాకోసమే చూస్తున్నాడు. పాపం, అతని ముఖంలో నాకంటే ఎక్కువ ఆశ ఉంది.

"ఏమైనా మాట్లాడిందా వదినా?"

ఒక్క మాట చాలన్నాడు. నాకు దక్కినవి రెండు వాక్యాలు. అవునంటే ప్రతి సెలవులకీ తెచ్చి దింపుతాడు, మాట తప్పే మనిషి కాదు. అది నా ఇంట్లో, ఏ గదిలోంచి నేను పలకరించినా ముందు గుమ్మంవైపు చూస్తుంది. తర్వాత నావైపు తిరుగుతుంది. నెలరోజులు. ఏటా.

"లేదు" అన్నాను. తొమ్మిదేళ్లలో విన్నదాన్ని విననట్టు చెప్పడం అదే మొదటిసారి.

అతను తల దించుకున్నాడు. "పోనీలెండి. పెద్దదైతే తనే వస్తుంది" అని నా చేయి నొక్కి, వెళ్లి బండెక్కాడు. ముసలావిడ చెంగుతో కళ్లొత్తుకుంది. మధ్యలో కూర్చున్న పిల్ల మోకాళ్లమీద దుప్పటి సర్దుతూ, అతను దాన్ని అదే అడిగాడు, చలేస్తోందా అని, తన భాషలో, తన సొంత నోటితో.

లేదంది గుండీ. వ్యాను అద్దం ఇంకా ఎత్తలేదు కాబట్టి నాకు స్పష్టంగా వినిపించింది.